ఈమెయిల్ కూడా ఒక అమానతే



ఒకప్పుడు మన సొసైటీకి చందా ఇవ్వదలచిన వారు ఛత్రినాకలోని ఆఫీసు గదికే వచ్చేవారు. కుర్చీలో కూర్చుని, చాయ్ తాగి, జేబులోంచి కవరు తీసి, "ఇది జకాత్ సొమ్ము, ఫలానా వితంతువు ఇంటికి చేర్చండి" అని చెప్పేవారు. సందేహం ఉంటే మేము అక్కడే అడిగేవాళ్లం. రసీదు పుస్తకంలో రాసి, చింపి చేతికిచ్చేవాళ్లం. ఇప్పుడు లాల్‌దర్వాజాలో, ఉప్పుగూడలో ఉన్నవారు కూడా డబ్బు ఫోన్‌లోనే పంపుతున్నారు. జిద్దా, దుబాయ్, చికాగోలలో ఉన్నవారి సంగతి చెప్పనే అక్కర్లేదు. డబ్బు బ్యాంకు దారిలో వస్తుంది, దానితో రావలసిన మాట ఈమెయిల్ దారిలో వస్తుంది. ఆ మాట సరిగా రాకపోతే డబ్బు వచ్చి కూడా దారి తప్పుతుంది. అందుకే ఈ ఏడాది సంచికలో ఈమెయిల్ రాసే పద్ధతి గురించి నాలుగు మాటలు చెప్పాలనుకున్నాం.

ఇది ఎవరికీ పాఠం చెప్పడం కాదు. మేమూ తప్పులు చేశాం. ముందు అవే చెబుతాం.

ఒక రంజాన్ నెలలో ఒక దాత నుంచి ఈమెయిల్ వచ్చింది. సబ్జెక్ట్ గడి ఖాళీ. లోపల రెండే మాటలు: "పంపాను, చూసుకోండి." ఖాతాలో నలభై వేలు జమ అయి ఉన్నాయి. పద్దు ఏమిటో ఆయన రాయలేదు, మేమూ అడగలేదు. అప్పుడు కుట్టు శిక్షణ కేంద్రం పైకప్పు కారుతోంది. సాధారణ విరాళమే అయి ఉంటుందనుకుని అందులో కొంత మరమ్మతుకు ఖర్చుపెట్టాం. ఈద్ తరువాత ఆయన ఫోన్ చేశారు. "నేను పంపిన జకాత్‌తో ఆ ఇంటర్ అమ్మాయి పరీక్ష ఫీజు కట్టారా?" అని అడిగారు. మాకు నోట మాట రాలేదు. జకాత్ ఎవరికి చెందాలో దివ్య ఖుర్ఆన్ ఎనిమిది వర్గాలుగా చెప్పింది. కప్పు రేకులు ఆ ఎనిమిదింటిలో లేవు. వేరే నిధి నుంచి ఆ సొమ్మును తిరిగి జకాత్ ఖాతాలో వేశాం. ఫీజు కట్టాం. కానీ అప్పటికి గడువు దాటిపోయింది, ఆలస్య రుసుము పడింది. ఆ అమ్మాయి ఆ వారం రోజులూ తన పేరు పరీక్షకు వెళ్తుందో లేదో తెలియక గడిపింది.

ఆయన ఒక్క పదం ఎక్కువ రాసి ఉంటే చాలు. మేము ఒక్క ప్రశ్న అడిగి ఉన్నా చాలు. ఈ వ్యాసం సారాంశం అంతా ఇంతే.

ఉత్తరం మనకు కొత్త కాదు

ఈమెయిల్ కొత్త వస్తువే. 1971లో అమెరికాలో రే టామ్లిన్‌సన్ అనే ఇంజినీరు ఒక కంప్యూటర్ నుంచి మరో కంప్యూటర్‌కు సందేశం పంపుతూ, మనిషి పేరుకూ యంత్రం పేరుకూ మధ్య 'యాట్' గుర్తు పెట్టారు. ఈనాటికీ మన చిరునామాలన్నిటిలో ఉన్నది ఆ గుర్తే. కానీ ఉత్తరం రాసే మర్యాద దానికంటే ఎంతో పాతది.

అన్-నమ్ల్ సూరాలో హజ్రత్ సులైమాన్ (అలైహిస్సలాం) సబా రాణికి పంపిన లేఖ ప్రస్తావన ఉంది. హుద్‌హుద్ పక్షి దానిని తీసుకెళ్లింది. రాణి తన సభలో దానిని గౌరవప్రదమైన లేఖ అని చెప్పింది. ఆ లేఖ చాలా చిన్నది. ఎవరు రాశారో ఉంది, అల్లాహ్ నామం ఉంది, కోరుతున్నదేమిటో ఉంది. ఒక పాలకుడు మరో పాలకురాలికి రాసిన లేఖకే అన్ని మాటలు సరిపోయాయంటే, మన ఈమెయిల్‌కు మూడు పేజీలు ఎందుకు?

మన దక్కన్ గడ్డ మీద ఉత్తరం రాయడం ఒక విద్యగా సాగింది. దానిని ఫారసీలో 'ఇన్షా' అనేవారు. బహమనీ సుల్తానుల వజీరు మహమూద్ గవాన్ ఆ విద్యలో పేరు పొందినవాడు. బీదర్‌లో 1472లో పూర్తయిన ఆయన మదరసా ఇప్పటికీ చూడవచ్చు. ఆయన రాసిన లేఖలు 'రియాజుల్ ఇన్షా' అనే సంపుటిగా మిగిలాయి. ఉత్తరాలు ఎలా రాయాలో చెప్పే పుస్తకం కూడా ఆయన విడిగా రాశాడు. అంతటి లేఖకుడి ప్రాణం పోయింది కూడా ఒక ఉత్తరం వల్లనే. గిట్టనివారు ఆయన ముద్ర వేసిన ఖాళీ కాగితం సంపాదించి, దాని మీద ఒడిశా రాజుకు రాసినట్టు దొంగ ఉత్తరం సృష్టించి సుల్తాను ముందు పెట్టారని చరిత్రకారులు రాశారు. 1481లో కొండపల్లిలో ఆయనకు మరణశిక్ష అమలైంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, చివర్లో మళ్లీ అవసరం అవుతుంది.

మన ఇళ్లలో కూడా పెద్దలు ఉత్తరం మొదట్లో ఖైరియత్ రాసేవారు. తెలుగు ఉత్తరాల్లో 'ఉభయకుశలోపరి' అని ఉండేది. క్షేమం చెప్పి, క్షేమం అడిగి, ఆ తరువాతే పని చెప్పేవారు. ఈమెయిల్‌లో అంత పొడుగు అక్కర్లేదు. కానీ సలాము లేకుండా, పేరు లేకుండా పని మాత్రం చెబితే అది ఉత్తరం కాదు, చీటీ.

సబ్జెక్ట్ గడిలో ఏం రాయాలి?

రంజాన్‌లో సొసైటీ ఈమెయిల్ తెరిస్తే వరుసగా ఒకే రకం పేర్లు కనబడతాయి: "అర్జెంట్", "సలామ్", "డొనేషన్", "రిక్వెస్ట్". వీటిలో ఏది రేపటి ఆపరేషన్‌కు సంబంధించినదో, ఏది పోయిన ఏడాది రసీదు కోసమో తెరిస్తే గానీ తెలియదు. మా వలంటీర్లు పగలు తమ ఉద్యోగాలు చేసుకుని, తరావీహ్ నమాజు తరువాత కూర్చుని ఇవి చదువుతారు.

సబ్జెక్ట్ గడి కవరు మీది చిరునామా లాంటిది. లోపలి విషయం ఒక్క చూపులో తెలియాలి. "డొనేషన్" అనడానికి బదులు "జకాత్ రూ. 25,000 – విద్యార్థి ఫీజు" అని రాయండి. "రసీదు" అనడానికి బదులు "గత మార్చి విరాళానికి రసీదు రాలేదు" అని రాయండి. "అర్జెంట్" అనే పదం ఒక్కటే ఏమీ చెప్పదు. "శుక్రవారంలోగా – ఆస్పత్రి డిపాజిట్" అంటే అంతా చెబుతుంది. ఒక ఈమెయిల్‌లో ఒకే విషయం ఉండడం మంచిది. రసీదు, ఇఫ్తార్ ఏర్పాటు, మేనల్లుడి ఉద్యోగం అన్నీ ఒకే చోట రాస్తే ఒకదానికి జవాబు వచ్చి రెండు మిగిలిపోతాయి.

దాత రాయవలసిన అయిదు సంగతులు

మీరు విరాళం పంపిన తరువాత రాసే ఈమెయిల్‌లో అయిదు సంగతులుంటే మేము మళ్లీ మిమ్మల్ని ఇబ్బంది పెట్టనవసరం ఉండదు.

మొదటిది, మీ పూర్తి పేరు. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒకే పేరుతో చాలామంది ఉంటారు. డబ్బు మీ తమ్ముడి ఖాతా నుంచో కంపెనీ ఖాతా నుంచో వచ్చి ఉంటే ఆ మాట కూడా రాయండి.

రెండోది, ఎంత సొమ్ము, ఏ తేదీన.

మూడోది, లావాదేవీ నంబరు. యూపీఐలో పంపితే అది 12 అంకెల నంబరు, బ్యాంకు ద్వారా పంపితే యూటీఆర్ నంబరు. స్క్రీన్‌షాట్ ఒక్కటే పెట్టకండి, నంబరును అక్షరాల్లో కూడా టైపు చేయండి. బొమ్మలో ఉన్న నంబరు తరువాత వెతికితే దొరకదు.

నాలుగోది, అన్నిటికంటే ముఖ్యమైనది, పద్దు. అది జకాతా, సదఖానా, ఫిత్రానా, లిల్లాహ్ విరాళమా? జకాత్‌ను అర్హులైన వారికే చేర్చాలి. భవన నిర్మాణానికి, మరమ్మతులకు అది చెల్లదన్నది అత్యధిక ఉలమాల అభిప్రాయం. ఫిత్రా ఈద్ నమాజుకు ముందే పేదల చేతికి అందాలి. కొందరు బ్యాంకు వడ్డీగా వచ్చిన సొమ్మును పుణ్యం ఆశించకుండా వదిలించుకోవడానికి పంపుతారు. దానిని మిగతా నిధులతో కలపకూడదు. నియ్యత్ మీ మనసులో ఉంటుంది, అది మాకు కనబడదు. మాకు కనబడేది మీరు రాసిన పదమే.

అయిదోది, మా నుంచి మీకు ఏం కావాలో. రసీదు చాలా? పన్ను మినహాయింపు పత్రం కూడా కావాలా? పేరు బయటపెట్టవద్దా? ఈ పత్రం విషయంలో ఒక మాట. 80జి కింద మినహాయింపు ఇచ్చే సంస్థలు 2021-22 ఆర్థిక సంవత్సరం నుంచి దాతల వివరాలను 10బిడి ఫారంలో ఆదాయపు పన్ను శాఖకు సమర్పించి, దాతకు 10బిఇ సర్టిఫికెట్ ఇవ్వాలి. దీనికి గడువు ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే మే 31. దాత పేరు, చిరునామా, పాన్ వంటి గుర్తింపు నంబరు లేకుండా ఇది పూర్తి కాదు. నగదుగా 2,000 రూపాయలకు మించి ఇచ్చిన విరాళానికి ఈ మినహాయింపు రాదు. పాత పన్ను విధానం ఎంచుకున్న వారికే ఇది వర్తిస్తుంది. జూన్‌లో "నా సర్టిఫికెట్ ఏది?" అని అడిగే కంటే, విరాళంతో పాటే పాన్ నంబరు రాసి పంపడం ఇద్దరికీ సుఖం. నంబరు చాలు, కార్డు ఫొటో అక్కర్లేదు.

ఇవన్నీ కలిపితే ఈమెయిల్ ఇలా ఉంటుంది:

"సెక్రటరీ సాహెబ్‌కు, అస్సలాము అలైకుమ్. మార్చి 10న నా ఖాతా నుంచి యూపీఐ ద్వారా రూ. 25,000 పంపాను. లావాదేవీ నంబరు కింద రాశాను. ఇది జకాత్ సొమ్ము. వీలైతే ఇంటర్ విద్యార్థుల ఫీజులకు వాడండి. అక్కడ అవసరం లేకపోతే అర్హులైన మరెవరికైనా ఇవ్వండి, నన్ను అడగనక్కర్లేదు. 80జి సర్టిఫికెట్ కావాలి, పాన్ నంబరు కింద ఉంది. నా పేరు సంచికలో వేయవద్దు. మీ శ్రమకు అల్లాహ్ మంచి ప్రతిఫలం ప్రసాదించుగాక."

చదవడానికి అర నిమిషం పడుతుంది. ఇందులో "నన్ను అడగనక్కర్లేదు" అన్న మాట ఎంత విలువైనదో ఆఫీసులో కూర్చున్న వారికి తెలుసు. దాత అనుమతి కోసం ఎదురు చూస్తూ ఆగిపోయిన సహాయాలు మాకు అనుభవమే.

మర్యాద అంటే పొగడ్త కాదు

కొందరు ఈమెయిల్ మొదట పది విశేషణాలు రాస్తారు. కొందరు సలాము కూడా లేకుండా "స్టేటస్ చెప్పండి" అంటారు. రెండూ అక్కర్లేదు. సలాము చెప్పండి. సలాముకు అంతకంటే మంచి సలాముతో, కనీసం అంతే సలాముతో జవాబివ్వమని మనకు నేర్పారు. అది నోటి మాటకే కాదు, రాసిన మాటకూ వర్తిస్తుందని మేము అనుకుంటాం. పెద్దవారిని సాహెబ్ అని, గారు అని పిలవండి. మహిళా వలంటీరైతే ఆపా అనో, మేడమ్ అనో రాయండి. స్కూలు హెడ్మాస్టరుకో, బ్యాంకు మేనేజరుకో, ఆస్పత్రికో రాస్తున్నప్పుడు, వారు ఏ మతంవారైనా, "గౌరవనీయులైన ... గారికి నమస్కారం" అంటే చక్కగా ఉంటుంది. ఛత్రినాకలో మన పొరుగువారిని పలకరించే తీరు ఇదే కదా.

కోపంగా ఉన్నప్పుడు రాసిన ఈమెయిల్‌ను రాత్రి డ్రాఫ్ట్‌లో ఉంచి, ఫజ్ర్ తరువాత మళ్లీ చదవండి. ఎదురుగా ఉంటే మన ముఖం, గొంతు కోపాన్ని కొంత తగ్గిస్తాయి. అక్షరాలకు ఆ సౌకర్యం లేదు. "మీరు ఎప్పుడూ ఇంతే" అనే వాక్యం తీసేసి "ఏప్రిల్ 2న రాసిన దానికి జవాబు రాలేదు" అని తేదీతో రాస్తే అదే ఫిర్యాదు బలంగానూ ఉంటుంది, మర్యాదగానూ ఉంటుంది. జీమెయిల్‌లో పంపిన సందేశాన్ని వెనక్కి తీసుకునే వీలుంది గానీ అది 30 సెకన్లకు మించదు.

జవాబు ఆలస్యమైతే వెంటనే నిర్లక్ష్యం అనుకోవద్దు. సౌదీలో 2013 నుంచి శుక్ర, శనివారాలు సెలవు. యూఏఈలో 2022 జనవరి నుంచి శని, ఆదివారాలు సెలవు, శుక్రవారం సగం పూట పని. జిద్దా మనకంటే రెండున్నర గంటలు, దుబాయ్ గంటన్నర వెనుక ఉంటాయి. చికాగోలో మీరు సాయంత్రం భోజనానికి కూర్చునేసరికి ఇక్కడ తెల్లవారుతుంది. ఈద్ ముందు రోజు చికాగోలో రాత్రి పది గంటలకు ఫిత్రా పంపి ఈమెయిల్ రాస్తే, ఛత్రినాకలో అది మరునాటి ఉదయం చదువుతాం. ఈద్ రెండు చోట్లా ఒకే రోజు కాకపోవచ్చు కూడా. కనుక ఫిత్రా సొమ్ము రెండు మూడు రోజుల ముందే పంపండి.

ఎవరికి కనబడుతుంది?

ఇప్పుడు మా రెండో తప్పు. ఒకసారి రేషన్ కిట్ల పంపిణీ తరువాత దాతలందరికీ కృతజ్ఞతలు చెబుతూ ఈమెయిల్ పంపాం. లెక్క పారదర్శకంగా ఉండాలని కిట్లు తీసుకున్న వారి పూర్తి జాబితా జతచేశాం. అందులో పేర్లు, ఇంటి వివరాలు, ఫోన్ నంబర్లు ఉన్నాయి. అందరి చిరునామాలూ అందరికీ కనబడేలా పెట్టాం. వారం తిరగకముందే ఒక సోదరి ఆఫీసుకు వచ్చింది. తాను కిట్ తీసుకున్న సంగతి తన ఆడపడుచు ఇంట్లో తెలిసిందని, ఇక మీ దగ్గరకు రానని చెప్పి వెళ్లిపోయింది. ఆ తరువాత నిజంగానే రాలేదు. ఆమెకు అవసరం తీరి కాదు.

దానం గుప్తంగా ఇవ్వడంలోని గొప్పతనం గురించి ఎన్ని ఖుత్బాలు విన్నాం! తీసుకునేవారి ముఖం కాపాడడం కూడా అందులో భాగమే. అప్పటి నుంచి కొన్ని నియమాలు పెట్టుకున్నాం. మీరూ పాటించమని కోరుతున్నాం.

సిసి అంటే కార్బన్ కాపీ. టైపు మిషన్ రోజుల్లో రెండు కాగితాల మధ్య నల్ల కార్బన్ కాగితం పెట్టి తీసిన నకలు పేరది. విషయం తెలియవలసిన ఒకరిద్దరిని మాత్రమే అక్కడ పెట్టండి. చాలామందికి ఒకేసారి పంపేటప్పుడు బిసిసి గడి వాడండి, అప్పుడు ఒకరి చిరునామా మరొకరికి కనబడదు. అందరికీ వచ్చిన ఈమెయిల్‌కు జవాబిచ్చేటప్పుడు 'రిప్లై ఆల్' నొక్కే ముందు ఒక్కసారి ఆగండి. "ఆమీన్" అని నూట యాభై మందికి పంపనక్కర్లేదు, మనసులో అన్నా చేరుతుంది.

సహాయం కోరేవారి తరఫున రాసేటప్పుడు వారి ఆధార్ కాపీ పంపవలసి వస్తే, మాస్క్‌డ్ ఆధార్ పంపండి. అందులో చివరి నాలుగు అంకెలే కనబడతాయి. రోగి ఫొటో, పిల్లల ఫొటో పంపకండి. ఆస్పత్రి అంచనా పత్రం, ఫీజు చలానా చాలు. సహాయం అందినవారి ఫొటోలు మమ్మల్ని అడగవద్దు. ఎంతమందికి, దేనికి, ఎంత ఖర్చయిందో లెక్క అడగండి. అది మీ హక్కు, తప్పక ఇస్తాం.

విదేశాల నుంచి పంపేవారికి

విదేశాల్లో ఉన్న దాతలు ఈమెయిల్‌లో తమ పౌరసత్వం కూడా ఒక్క మాటలో రాయాలి. భారత పాస్‌పోర్టు ఉన్నవారు అక్కడ పనిచేస్తూ తమ సొంత సంపాదన నుంచి మామూలు బ్యాంకు మార్గంలో పంపే సొమ్మును చట్టం విదేశీ విరాళంగా లెక్కించదు. కానీ అమెరికా పౌరసత్వమో, కెనడా పౌరసత్వమో తీసుకున్నవారు ఛత్రినాకలోనే పుట్టి పెరిగినా, వారి విరాళం విదేశీ విరాళమే అవుతుంది. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం కింద అనుమతి ఉన్న సంస్థలు మాత్రమే దానిని తీసుకోగలవు. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము ఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలో తెరిచిన ప్రత్యేక ఖాతాలోకే రావాలి. కనుక డబ్బు పంపిన తరువాత కాదు, పంపే ముందే ఈమెయిల్ రాయండి. మంచి మనసుతో పంపిన సొమ్మును తిప్పి పంపవలసి రావడం మాకూ బాధే.

దొంగ ఉత్తరాల విషయం

మహమూద్ గవాన్ సంగతి గుర్తుందా? ముద్ర నిజమైనదే, దాని మీది మాటలే అబద్ధం. నేటి మోసాలూ అంతే. సొసైటీ గుర్తు, సెక్రటరీ పేరు, చివర దుఆ అన్నీ సరిగా ఉంటాయి, ఖాతా నంబరు మాత్రం వేరేది ఉంటుంది. "ఖాతా మారింది, కొత్త ఖాతాకు పంపండి" అని ఎవరి పేరుతో ఈమెయిల్ వచ్చినా, ఆ ఈమెయిల్‌కు జవాబివ్వకండి. అందులో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేయకండి. మీ దగ్గర ఉన్న పాత రసీదు మీది నంబరుకు ఫోన్ చేసి అడగండి. పంపినవారి పేరు కాకుండా పూర్తి ఈమెయిల్ చిరునామా అక్షరం అక్షరం చూడండి. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయండి. అది సైబర్ మోసాల జాతీయ హెల్ప్‌లైన్. ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆగే అవకాశం అంత ఎక్కువ.

మా మాట

ఇన్ని మిమ్మల్ని అడిగిన తరువాత మేము కూడా మాట ఇవ్వాలి. మీ ఈమెయిల్ అందిందని మూడు పని దినాల్లోగా తెలియజేస్తాం. పద్దు రాయకపోతే సొంతంగా ఊహించం, అడిగి తెలుసుకునే వరకు ఆ సొమ్మును ముట్టుకోం. ఏదైనా కుదరకపోతే కుదరదని, ఎందుకో చెప్పి, స్పష్టంగా రాస్తాం. "చూద్దాం" అని వదిలేయం, ఎందుకంటే అవునా కాదా తెలియక ఎదురుచూడడం కంటే కాదన్న మాటే నయం. తప్పు చేస్తే, తప్పు చేశామని మొదటి వాక్యంలోనే ఒప్పుకుంటాం. ఉర్దూ, తెలుగు, ఇంగ్లీషు, మీరు ఏ భాషలో రాస్తే ఆ భాషలోనే జవాబిస్తాం.

మీరు పంపే సొమ్ము మా దగ్గర అమానత్. దానితో పాటు మీరు రాసే నాలుగు వాక్యాలూ అమానతే. అవి స్పష్టంగా ఉంటే ఫీజు గడువులోపు చేరుతుంది, ఫిత్రా నమాజుకు ముందు చేరుతుంది, తీసుకున్న సోదరి తల ఎత్తుకుని ఇంటికి వెళుతుంది. మీ దానాలను అల్లాహ్ స్వీకరించుగాక, వాటిని చేరవలసిన చోటికి చేర్చే శక్తి మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.